అసిస్టెంట్ పోస్టు కోసం జర్మనీ దాకా వెళ్లాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్లు. ఆరో తరగతి దాకా గుంటూరులో చదివాను. తర్వాత మా కుటుంబం టెక్సస్ వచ్చేసింది, ఇప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది. కాలేజీలో బయాలజీతో పాటు జర్మన్ కూడా చదివాను. ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ పథకం ద్వారా జర్మనీలో ఒక స్కూల్లో ఇంగ్లిష్ టీచింగ్ అసిస్టెంట్‌గా అవకాశం వచ్చింది, సెప్టెంబరు నుంచి జూన్ దాకా. బెర్లిన్ గానీ హాంబర్గ్ గానీ వస్తుందనుకుంటే థురింగియా రాష్ట్రంలో నేను పేరైనా వినని చిన్న ఊరు ఇచ్చారు. "వారానికి 12 గంటల అసిస్టెంట్ పనికి ఒక ఏడాది పోగొట్టుకుంటావా? నేరుగా మాస్టర్స్‌లో చేరు" అంటున్నారు నాన్న. ఆ వైపు విదేశీయులంటే పడనివాళ్లు ఎక్కువని ఎక్కడో చదివి అమ్మ భయపడుతోంది. నా భయం వేరు. నాకు పాఠం చెప్పడం రాదు. నన్ను చూసి "ఈ అమ్మాయి అమెరికనా?" అనుకుంటారేమో. పైగా నేను శాకాహారిని. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: వెళ్లమనే చెబుతాను. అలాగని మీ ఇంట్లోవాళ్ల మాటలు కొట్టిపారేసేవి కావు, వాటి సంగతీ చూద్దాం. నిన్ను "నువ్వు" అంటున్నందుకు ఏమీ అనుకోకు, మా అమ్మాయి ఈడుదానివి. నేను జర్మనీలోని హెస్సెన్ రాష్ట్రంలో ఒక జిమ్నాజియంలో, అంటే యూనివర్సిటీ చదువుకు సిద్ధం చేసే హైస్కూల్లో, ఇంగ్లిష్, లెక్కలు చెబుతాను. ఇక్కడ టీచరంటే మామూలుగా రెండు సబ్జెక్టులు ఉండాల్సిందే. మా స్కూలుకు వచ్చే అసిస్టెంట్ల బాగోగులు చూసే బాధ్యత చాలా ఏళ్లుగా నాది. నీలాంటి పిల్లలు సెప్టెంబరులో బిక్కుబిక్కుమంటూ రావడం, జూన్‌లో వెళ్లలేక వెళ్లడం చూస్తూనే ఉన్నాను.

ముందు మీ నాన్నగారి మాట. వారానికి 12 గంటలంటే 12 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. క్లాసు బాధ్యత మొత్తం నీ మీద పెట్టరు. మార్కులు నువ్వు వేయవు. పరీక్ష పేపర్లు దిద్దడం నీ పని కాదు. వింటే ఇదేం ఉద్యోగం అనిపిస్తుంది, నిజమే. కానీ నీకున్న బలమంతా అక్కడే ఉంది.

జర్మన్ స్కూళ్లలో ఇంగ్లిష్ మార్కు రాత పరీక్షతోనే తేలిపోదు. క్లాసులో ఎన్నిసార్లు వేలెత్తారు, ఎలా మాట్లాడారు అన్నదానికీ మార్కు ఉంటుంది. (ఇక్కడి పిల్లలు మనలా అరచెయ్యి ఎత్తరు, చూపుడువేలు ఎత్తుతారు.) 1 వస్తే అందరికన్నా మేలు, 6 వస్తే అట్టడుగు. నేను ప్రశ్న అడిగితే తొమ్మిదో తరగతి పిల్లవాడు ముందు నా మొహం చూస్తాడు, తర్వాత బల్ల మీదున్న నా నోట్‌బుక్ చూస్తాడు. తప్పు మాట్లాడితే రాసుకుంటుందేమోనని వాడి టెన్షన్. వాక్యం మనసులో ముందు పూర్తిగా కట్టుకుని, సరిచూసుకుని, అప్పుడు వేలెత్తుతాడు. ఆలోగా చర్చ ఇంకో విషయానికి వెళ్లిపోతుంది. అదే పిల్లవాడు అసిస్టెంట్‌తో పక్క గదికి వెళ్లి, ఇంకో నలుగురితో కూర్చుని, తన సైకిలు ఎలా పోయిందో వచ్చీరాని ఇంగ్లిష్‌లో చేతులు ఊపుతూ చెబుతుంటే నేను తలుపు బయట నిలబడి విన్నాను. భూతకాలం సగం తప్పు. అయినా కథ ఆగలేదు. నా ముందు ఆ పిల్లవాడు ఏడాదంతా అన్ని మాటలు మాట్లాడలేదు.

ఎనిమిదేళ్లు ఇంగ్లిష్ చదివిన పిల్లలకు కూడా మార్కుల పుస్తకం లేని మనిషితో ఇంగ్లిష్‌లో మాట్లాడే అవకాశం స్కూల్లో దొరకదు. ఆ మనిషివి నువ్వవుతావు. దీన్ని మీ నాన్నగారికి ఎలా చెబుతావో నీ ఇష్టం. ఇది కొత్తగా పెట్టిన పథకం కూడా కాదని చెప్పు. యూరప్ దేశాలు ఇలా ఒకరి స్కూళ్లకు ఒకరు అసిస్టెంట్లను పంపుకోవడం వందేళ్ల పైబడి నడుస్తోంది. అమెరికా, పశ్చిమ జర్మనీల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1952 నాటిది. జర్మనీలో విద్య విషయంలో 16 రాష్ట్రాలదీ ఎవరి పాలన వారిది. ఆ రాష్ట్రాల విద్యామంత్రులందరి ఉమ్మడి సంస్థకు బోన్‌లో ఉన్న విభాగం, పెడగోగిషర్ ఆస్‌టౌష్‌డీన్స్ట్, పొట్టిగా పాడ్, నీలాంటి అసిస్టెంట్లకు స్కూళ్లు కేటాయించే వ్యవహారం చూస్తుంది. నువ్వు కోరిన ఊరు రాకపోవడానికి కారణం ఇదే. అసిస్టెంట్ కావాలని అడిగిన స్కూళ్లు ఎక్కడుంటే అక్కడికి పంపుతారు, అందరినీ బెర్లిన్‌కు పంపలేరు కదా.

ఇక పాఠం చెప్పడం రాదన్న భయం. అది నీ దగ్గర ఎవరూ ఆశించడం లేదు. దానికి ఇక్కడ ఏళ్ల తరబడి చదువు, ఆపైన ఒకటిన్నర రెండేళ్ల శిక్షణ ఉంటాయి. నువ్వు నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే. స్కూల్లో నీకు పని ఎవరూ చేతికి అందించరు. అడగందే అమ్మైనా పెట్టదంటారే, జర్మన్ స్కూలు అచ్చం అంతే. ఇది నిర్లక్ష్యం కాదు, అది వాళ్ల మర్యాద. కొత్తగా వచ్చిన మనిషి మీద పడి పని చెప్పడం బాగుండదనుకుంటారు. నీకు కావాలంటే నువ్వే వచ్చి అడుగుతావనుకుంటారు. మనవాళ్లం, పెద్దవాళ్లు పిలిచి చెప్పేదాకా ఓ పక్కన నిలబడటం వినయం అనుకుంటాం. ఈ రెండు మర్యాదలూ ఎదురుపడితే ఏమవుతుందో చూశాను. వేరే స్కూలుకు వచ్చిన ఒక అసిస్టెంట్, మంచి తెలివైన పిల్ల, క్రిస్మస్ దాకా క్లాసు చివరి బెంచీలో కూర్చుని నోట్స్ రాసుకుంటూ గడిపేసింది. టీచర్లేమో "పాపం సిగ్గరి, చూసి నేర్చుకుంటోంది" అనుకున్నారు. ఆ పిల్లేమో "నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు" అనుకుంది.

మొదటి రెండు వారాలు క్లాసుల్లో కూర్చుని చూడటం మామూలే, అందరూ అదే చేస్తారు. మూడో వారం మొదలయ్యేలోగా ఒక్కో ఇంగ్లిష్ టీచరు దగ్గరికీ వెళ్లి, "వచ్చే గురువారం మీ తొమ్మిదో తరగతి నుంచి ఐదుగురిని 20 నిమిషాలు నాకు ఇస్తారా? ఫలానా విషయం మాట్లాడిస్తాను" అని అడుగు. రోజు, క్లాసు, నిమిషాలు, విషయం అన్నీ ఆ ఒక్క మాటలో ఉండాలి. "మీకేమైనా సాయం కావాలా?" అంటే "తప్పకుండా, చూద్దాం" అంటారు, అంతటితో ఆ సంభాషణ అయిపోతుంది. టీచర్ల గదిలో కూడా ఒక చిన్న సంగతి ఉంది. కుర్చీలు పైకి ఖాళీగా కనిపించినా చాలా స్కూళ్లలో ఎవరి కుర్చీ వాళ్లదే, ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నవాళ్లు ఉంటారు. మొదటిరోజే "నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగేయ్. అలాగే ఆ రోజు ఏ టీచరు రాలేదు, ఏ క్లాసు రద్దయింది అని చూపే పట్టిక ఒకటి గోడ మీదో ఫోన్ యాప్‌లోనో ఉంటుంది. దాన్ని ఫెర్‌ట్రెటుంగ్స్‌ప్లాన్ అంటారు. పొద్దున్నే చూసుకోకపోతే చలిలో ఏడింటికి బయల్దేరి వచ్చాక క్లాసు లేదని తెలుస్తుంది. ఆ వైపు చాలా స్కూళ్లు ఏడున్నర ప్రాంతంలోనే మొదలవుతాయి మరి.

ఆ ఐదుగురిని పక్క గదికి తీసుకెళ్లాక ఏం చేయాలంటావా? అమెరికా మీద 40 స్లైడ్ల పవర్‌పాయింట్ మాత్రం వద్దు. ప్రతి అసిస్టెంటూ అదే చేస్తారు. పిల్లలు చీకటి గదిలో హాయిగా కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా గంట గడిపేస్తారు. ఒక్క ఫొటో తీసుకెళ్లు. మీ హైస్కూలు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం ట్రే ఉందనుకో, అది బల్ల మీద పెట్టి ఏమీ చెప్పకుండా కూర్చో. మొదటి నిమిషం నిశ్శబ్దంగా ఉంటుంది, నీకది గంటలా అనిపిస్తుంది. తొందరపడి ఆ ఖాళీని నువ్వు నింపకు. ఎవరో ఒకరు "ఈజ్ దట్ పిజ్జా?" అంటారు. ఇంకొకరు "ఎవ్రీ డే?" అంటారు. అక్కడి నుంచి ధర ఎంత, ఎవరు వండుతారు, ఇంటికెందుకు వెళ్లలేదు అని ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. చాలామంది జర్మన్ పిల్లలు మధ్యాహ్నమో, ఆ తర్వాత కాసేపటికో ఇంటికి వెళ్లిపోతారు. సాయంత్రం దాకా స్కూల్లోనే ఉండి ఫుట్‌బాల్, బ్యాండు అన్నీ అక్కడే అంటే వాళ్లకు వింత. ప్రతి ఉదయం జెండాకు ప్రతిజ్ఞ చేస్తారని చెబితే ఇంకా వింత, ఎందుకంటే ఇక్కడ స్కూల్లో ఎవరూ జెండా వైపు కూడా చూడరు. తప్పులు మధ్యలో దిద్దకు. పిల్లవాడు "హీ go" అన్నాడనుకో, నీ జవాబులో "ఓ, హీ goes?" అని సరైన మాట మామూలుగా కలిపేసి ముందుకు సాగిపో. అంతకు మించి వ్యాకరణం మాకు వదిలేయ్.

థురింగియా జిమ్నాజియంలలో చదువు 12వ తరగతితో అయిపోతుంది. మధ్యలో, పదో తరగతి చివర, ఒక పెద్ద పరీక్ష ఉంటుంది. అందులో ఇంగ్లిష్‌కు మాట్లాడే పరీక్ష కూడా ఉంటుంది. ఆ పదో తరగతి పిల్లలకు జనవరి తర్వాత నువ్వు బంగారం. సంభాషణ అభ్యాసం చేయిస్తానని ముందే చెప్పి పెట్టుకో.

నువ్వు టెక్సస్ నుంచి వస్తున్నావు కాబట్టి ఒక ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది: మీ ఇంట్లో తుపాకీ ఉందా? స్కూల్లో కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో డ్రిల్లు చేయించారా? పిల్లలకు ఇది సినిమా లాంటి ఆసక్తి. నువ్వు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. 2002 ఏప్రిల్ 26న థురింగియా రాజధాని ఎర్ఫర్ట్‌లో, గుటెన్‌బెర్గ్ జిమ్నాజియంలో, ఆ స్కూలు నుంచి బహిష్కరించిన పూర్వ విద్యార్థి ఒకడు 16 మందిని కాల్చి చంపాడు. వాళ్లలో ఎక్కువమంది టీచర్లు. నీ క్లాసు పిల్లలు అప్పటికి పుట్టలేదు. కానీ టీచర్ల గదిలో నీ పక్కన కాఫీ తాగే యాభై ఏళ్ల ఆవిడకు చనిపోయినవాళ్లలో కాలేజీలో కలిసి చదివినవాళ్లు ఉండొచ్చు. ఈ విషయం మీద క్లాసులో మాట్లాడాలంటే ముందుగా ఆ క్లాసు టీచరుతో ఒక మాట అనుకో. మాట్లాడవద్దని కాదు, నీ సొంత అనుభవం చెబితే పిల్లలు నిజంగా వింటారు. జోకులు మాత్రం వద్దు.

"ఈ అమ్మాయి అమెరికనా?" అని అనుకుంటారేమో అన్నావు. అనుకుంటారు. "ఎక్కడి నుంచి?" అంటారు, నువ్వు "టెక్సస్" అంటావు, "అది సరే, అసలు ఎక్కడి నుంచి?" అంటారు. పిల్లలే కాదు, బేకరీలో ఆవిడా అంటుంది, ఇంటి ఓనరూ అంటాడు, కొందరు టీచర్లూ అంటారు. నాకు ఈ ప్రశ్న ఇప్పటికీ వస్తూనే ఉంటుంది, దాని కోసం రోజూ రక్తపోటు పెంచుకోలేను. "టెక్సస్ నుంచి, అంతకుముందు గుంటూరు నుంచి" అని ఒకే ఊపున చెప్పేయ్. సంజాయిషీ ఇచ్చుకున్నట్టు కాకుండా అడ్రసు చెప్పినట్టు చెప్పు. అమెరికన్నని నిరూపించుకునే ప్రయత్నం మాత్రం చేయకు, దానికి అంతుండదు. నీ యాస గురించి దిగులొద్దు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా బ్రిటిష్ ఇంగ్లిష్ ఉంటుంది, పిల్లల నోట యూట్యూబ్ అమెరికన్ ఉంటుంది, రెండూ చెల్లుతాయి.

దీనికి ఇంకో కోణం ఉంది. పై తరగతుల ఇంగ్లిష్‌లో బ్రిటిష్ పాలనలో ఉండి స్వాతంత్ర్యం వచ్చిన దేశాల గురించి పాఠాలు ఉంటాయి, వాటిలో ఇండియా తరచూ కనిపిస్తుంది. నిన్ను చూడగానే పదకొండో తరగతి టీచరు కళ్లు మెరుస్తాయి. "మాకు ఇండియా గురించి ఒక పీరియడ్ చెప్పవా?" అంటారు. ఇష్టమైతే ఒప్పుకో, లేకపోతే నేను వచ్చింది అమెరికా గురించి మాట్లాడటానికని నవ్వుతూ చెప్పు. రెండూ తప్పు కాదు. ఒప్పుకుంటే మాత్రం 140 కోట్ల మంది తరఫున నిలబడకు. పుస్తకంలో కులం, మురికివాడలు, బాలీవుడ్, కాల్ సెంటర్లు ఎలాగూ ఉంటాయి. నువ్వు ఆరో తరగతి దాకా గుంటూరులో ఏ మీడియంలో చదివావు, ఇంట్లో ఏ భాష, బస్సులో ఏ భాష, హిందీ రాని ఇండియన్లు ఎంతమంది ఉంటారు, ఇప్పుడు అమ్మమ్మతో ఫోన్‌లో ఏ భాష మాట్లాడతావు – ఇది చెప్పు. ఒక దేశం ఒక భాష అనే లెక్కలో పెరిగిన పిల్లలకు అది నిజంగా కొత్త విషయం.

ఆ మాటలు అందరికన్నా శ్రద్ధగా వినేవాళ్లు ఒకరిద్దరు ఆ క్లాసులోనే ఉంటారు. 2015 తర్వాత సిరియా నుంచి, 2022 తర్వాత ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలు చిన్న ఊళ్ల స్కూళ్లలో కూడా ఉన్నారు. వాళ్లకు జర్మన్ మూడో భాషో నాలుగో భాషో. జర్మన్‌లో వెనకబడినవాళ్లు ఇంగ్లిష్ పీరియడ్‌లో మాత్రం తోటివాళ్లతో సమానంగా ఉంటారు, ఒక్కోసారి ముందే ఉంటారు. మా స్కూల్లో ఒక ఉక్రెయిన్ పిల్ల మిగతా క్లాసుల్లో నెలల తరబడి నోరు విప్పలేదు. అసిస్టెంట్ దగ్గర మాత్రం ఆ గుంపుకు నాయకురాలు. అమెరికా వెళ్లిన కొత్తలో నీకు కూడా ఇలాంటి ఏడాది ఒకటి ఉండే ఉంటుంది. ఆ పిల్లలతో ఎలా ఉండాలో నాకన్నా నీకే బాగా తెలుసు.

అమ్మగారి భయం సంగతి. ఆవిడ చదివింది అబద్ధం కాదు. 2024 సెప్టెంబరులో జరిగిన థురింగియా శాసనసభ ఎన్నికల్లో వలసలను గట్టిగా వ్యతిరేకించే ఎ.ఎఫ్.డి. పార్టీ 32.8 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. మిగతా పార్టీలేవీ దానితో కలవకపోవడంతో అధికారం రాలేదు. మూడో వంతు ఓట్లంటే నీ క్లాసులో కొందరు పిల్లల తల్లిదండ్రులు, నీ వీధిలో కొందరు కూడా ఆ ఓటర్లే. వాళ్లందరూ నిన్ను చూసి మొహం తిప్పుకుంటారని కాదు. వాళ్లలోనే ఒకరు నీ సూట్‌కేసు మూడో అంతస్తుకు మోసుకొచ్చి పెడతారు కూడా, మనుషులు అలాగే ఉంటారు. కానీ రాత్రి పొద్దుపోయాక చిన్న స్టేషన్లో తాగిన గుంపు ఉంటే వేరే పెట్టె ఎక్కడం, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు రైళ్లలో కాస్త చూసుకోవడం మంచిది. ఎవరైనా ఏదైనా అన్నా, చేసినా, దాన్ని మింగేసి గదికొచ్చి ఏడవకు. మర్నాడు నీ మెంటర్ టీచరుకు చెప్పు, ఫుల్‌బ్రైట్ వాళ్లకు మెయిల్ రాయి. పోలీసు నంబరు 110, అంబులెన్సుకు 112. క్లాసులో ఎవడైనా కూతకూస్తే దాని సంగతి చూడాల్సింది ఆ క్లాసు టీచరు, నువ్వు కాదు. టీచరు చూడకపోతే అప్పుడు అడుగు. అమ్మగారికి ఇంకో సంగతి చెప్పు. అదే రాష్ట్రంలో యేనా, ఇల్మెనౌ యూనివర్సిటీలలో మన దేశం పిల్లలు బోలెడంతమంది చదువుతున్నారు. 2022-23 నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లను దాటి మనవాళ్లే మొదటి స్థానంలో ఉన్నారు. తెలుగు వినపడాలంటే శనివారం యేనా వెళ్తే సరిపోతుంది.

చిన్న ఊరు రావడం దురదృష్టం అనుకుంటున్నావు. నేను అలా అనుకోను. బెర్లిన్‌లో నువ్వు జర్మన్ మొదలుపెడితే ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఏడాది ఉండి కాఫీ ఆర్డరు ఇవ్వడం మాత్రమే వచ్చిన అసిస్టెంట్లు నాకు తెలుసు. నీ వైపు అది కుదరదు. అది ఒకప్పటి తూర్పు జర్మనీ. 1990కి ముందు అక్కడ స్కూల్లో మొదటి విదేశీ భాష రష్యన్, కాబట్టి యాభై దాటిన ఇంటి ఓనరుకు, ఆఫీసులో గుమాస్తాకు ఇంగ్లిష్ అంతగా రాదు. నీ జర్మన్ ఆరు నెలల్లో ఎంత ఎదుగుతుందో నువ్వే చూస్తావు. డబ్బు లెక్కన చూసినా అంతే. నెలకు వచ్చే స్టైపెండ్‌లో మ్యూనిక్‌లో అయితే సగానికి పైగా గది అద్దెకే పోతుంది. చిన్న ఊళ్లో అద్దె కట్టి, తిని, నెలకోసారి ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. ఎర్ఫర్ట్ నుంచి బెర్లిన్‌కు వేగపు రైల్లో రెండు గంటలు కూడా పట్టదు. ఆ రైలుకు వేరే టికెట్ కావాలి. ప్రాంతీయ రైళ్లు, బస్సులు, ట్రాములన్నిటికీ దేశమంతా చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. 2023లో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63.

ఆ ఊళ్లో కష్టమల్లా నవంబరు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఆదివారం దుకాణాలన్నీ మూత, వీధిలో మనిషి కనపడడు. అప్పటికల్లా ఏదో ఒక క్లబ్బులో చేరిపోయి ఉండాలి. వాలీబాల్, కోరస్, ఏదైనా సరే. జర్మన్లు వీధిలో పలకరించరు గానీ మంగళవారం ప్రాక్టీసుకు రెండుసార్లు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు. దీన్ని సెప్టెంబరులోనే చూసుకో, నవంబరులో వెతకడానికి ఓపిక ఉండదు.

తిండి గురించి నువ్వు అనుకున్నంత ఇబ్బంది లేదు. "మాంసం లేకుండా" అని మాత్రం అడగకు. అలా అడిగితే చిన్న ముక్కలుగా కోసిన పంది మాంసం చల్లి తెస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు. "ఇష్ బిన్ వెగెటారియరిన్" (నేను శాకాహారిని) అని సూటిగా చెప్పు. థురింగియాకు పేరు తెచ్చింది బొగ్గుల మీద కాల్చిన సాసేజ్, దానితో సమానంగా బంగాళదుంప ఉండలు, క్లోసె అంటారు. అవి నువ్వు తినొచ్చు. వాటి మీద పోసే పులుసు మాత్రం మాంసంతో చేసింది. పక్కన పెట్టే ఎర్ర క్యాబేజీ కూరలో కూడా ఒక్కోసారి పంది కొవ్వు వేస్తారు, అడిగి తిను. ఎర్ర పప్పు, బియ్యం, పెరుగు ఏ సూపర్ మార్కెట్లోనైనా ఉంటాయి. కందిపప్పు, ఇంగువ కోసం ఎర్ఫర్ట్‌లోనో యేనాలోనో ఆసియా దుకాణానికి వెళ్లాలి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఇల్లు మారిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అది ఇవ్వనన్నవాడి దగ్గర గది తీసుకోకు. అమెరికా పాస్‌పోర్టుతో వీసా లేకుండా వచ్చి 90 రోజుల్లోగా రెసిడెన్స్ పర్మిట్‌కు ఇక్కడే దరఖాస్తు చేసుకోవచ్చు. అపాయింట్‌మెంట్లు ఆలస్యంగా దొరుకుతాయి కాబట్టి దిగిన వారంలోనే అడుగు. 1970 తర్వాత పుట్టినవాళ్లు స్కూల్లో పని చేయాలంటే తట్టు టీకాల రుజువు చూపించాలన్నది 2020 నుంచి చట్టం. చిన్నప్పుడు గుంటూరులో వేసిన టీకాల కార్డు అమ్మగారి దగ్గర ఉందేమో ఇప్పుడే వెతికించు. ఇంటి డిపాజిట్, కరెంటు, హీటింగ్ లెక్కలు కలపని నెల అద్దెకు మూడు రెట్లు మించకూడదు. మొదటి స్టైపెండ్ నీ చేతికి వచ్చేది బ్యాంకు ఖాతా తెరిచాకే, కాబట్టి రెండు నెలల ఖర్చు వెంట తెచ్చుకో.

నాన్నగారు మాస్టర్స్ అంటున్నారు కదా, ఆ దారి మూసుకుపోదు. ఆయన అమెరికాలోనే అంటే, దరఖాస్తులు డిసెంబరులో జర్మనీ నుంచి కూడా పెట్టుకోవచ్చు. వారానికి 12 పీరియడ్ల పనిలో దానికి తీరిక ఉంటుంది. జర్మనీలోనే చదవాలనిపిస్తే చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరు రుసుము మాత్రం కట్టాలి. శీతాకాలం సెమిస్టరుకు గడువు తరచుగా జూలై 15. అయితే ఒక మాట. మాస్టర్స్ ఎక్కడ, ఎందులో అని నీకు ఇప్పటికే స్పష్టంగా ఉండి, సీటు చేతిలో ఉండి, ఏడాది వాయిదా వేస్తే స్కాలర్‌షిప్ పోతుందంటే, నాన్నగారి మాట విను. నీ ఉత్తరంలో అలాంటిదేమీ కనపడలేదు కాబట్టే వెళ్లమంటున్నాను.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. కేటాయింపు కాగితంలో నీ మెంటర్ టీచరు పేరు, మెయిల్ ఉంటాయి. జర్మన్‌లో, తప్పులున్నా సరే, పది వాక్యాలు రాయి. నువ్వెవరు, ఏ తేదీన దిగుతావు, స్కూలుకు దగ్గర్లో గది ఇచ్చేవాళ్లు ఎవరైనా టీచర్లకు తెలుసా (చిన్న ఊళ్లలో గదులు వెబ్‌సైట్లలో కన్నా టీచర్ల గదిలోనే ఎక్కువగా దొరుకుతాయి), నీకు ఏ తరగతులు ఇస్తారు, టైమ్‌టేబుల్ వేసేటప్పుడు శుక్రవారం గానీ సోమవారం గానీ ఖాళీగా ఉంచడం కుదురుతుందా. ఆఖరిది అడగడానికి మొహమాటపడకు, అందరు అసిస్టెంట్లూ అడుగుతారు, సాధారణంగా ఇస్తారు కూడా. "హలో" అని కాకుండా ఇంటిపేరుతో "జేర్ గేయెర్టె ఫ్రౌ" (గౌరవనీయులైన శ్రీమతి) అనో "జేర్ గేయెర్టర్ హెర్" (గౌరవనీయులైన శ్రీ) అనో మొదలుపెట్టు, వాళ్లంతట వాళ్లు "డూ" (నువ్వు) అనేదాకా "జీ" (మీరు) అనే రాయి. వేసవి సెలవులు ఆరు వారాలు, ఆ రోజుల్లో స్కూలు మెయిల్ తెరిచే టీచర్లు తక్కువ. సెలవులిచ్చేలోగా నీ మెయిల్ చేరాలి.